రాజమల్లు బ్రహ్మాండంగా ఉన్నాడు

రాజమల్లును "బాగున్నవా" అని అడిగే ధైర్యం బోధన్‌లో ఎవరికీ లేదు. తెలియనివాళ్లు అడుగుతారు, అడిగి అక్కడే ఇరుక్కుంటారు. బాగున్నవా అంటే బాగున్న అనడం లోకమర్యాద. ఆ ప్రశ్నకు నిజం చెప్పే మనిషి ఎక్కడా ఉండడు, ఉంటే అతనితో ఎవరూ మాట్లాడరు. రాజమల్లు నిజమే చెబుతాడు. కాలు దగ్గర మొదలుపెట్టి, కడుపుబ్బరం మీదుగా మొన్న కురిసిన రాళ్లవాన, నిన్న పోయిన కరెంటు, రేపు రాబోయే రోగం అన్నీ వరసగా చెప్పి, చివర్న "ఏముందిరా, పోయేదాక ఉండుడే" అని ముగిస్తాడు. అప్పటికి అడిగినవాడి చేతిలో చాయ్ చల్లారిపోయి ఉంటుంది.

పైగా అతనిది నల్లనాలుక అని పేరు. చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజుల్లోనే "ఇది మూతపడ్తది సూడుండ్రి" అన్నాడు. మూతపడింది. పక్కింటివాళ్లు బోరు వేయిస్తుంటే గోడ మీంచి తొంగిచూసి "రాయి తగుల్తది" అన్నాడు. తగిలింది. నిజానికి ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మూతపడుతుందని అనని మనిషి బోధన్‌లో లేడు. రాయి తగలని బోర్లు కూడా ఆ వీధిలో రెండో మూడో. కానీ అన్నవాళ్లందరిలో రాజమల్లు మొహమే జనానికి గుర్తుండిపోయింది. చూస్తే చాలు, ఏదో పోయిందని తెలిసిపోయే మొహం అది.

పుట్టుకతో అతను అంత ఏడుపుగొట్టు కాదు. ఇరవై రెండేళ్లు చెరుకు ట్రాక్టర్ నడిపాడు. ఊళ్లో ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లు దగ్గరి కిరాయిలు, మూతపడ్డాక దూరపు కిరాయిలు. రుద్రూర్ దిక్కు తోటల్లో చెరుకు ఎత్తుకుని, రెండు ట్రాలీలు తగిలించుకుని, యాభై అరవై కిలోమీటర్లు పోయి వేరే జిల్లా ఫ్యాక్టరీలో దించి రావాలి. దూరం పెరిగేకొద్దీ లోడు ఎత్తూ పెరిగింది. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున, తాడు సడలిందేమో చూద్దామని దిగి ట్రాలీ పక్కకు పోయాడు. తాడు తెగింది. చెరుకంతా జారి అతని ఎడమ కాలి మీద పడింది. కాలు తీసేయలేదు, అదొక్కటే అదృష్టం. మోకాలి కింద రాడ్డు వేశారు, తుంటి దగ్గర ఏదో అతికించారు. ఆ తర్వాత ఆ కాలు మడవడానికి రాలేదు, బరువు మోయడానికీ రాలేదు. చేతికర్ర వచ్చింది, మంచం వచ్చింది. మంచంతో పాటు నోట్లోకి ఆ మాటా వచ్చింది, "ఏముందిరా" అని.

ఇల్లు నడిపేది అతని పెండ్లాం వెంకటవ్వ. బీడీలు చుడుతుంది. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు, చేతికందేంత దూరంలో కత్తెర. పొద్దున ఆరింటికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా మెడ ఎత్తదు. ఇప్పుడు ఎత్తుదామన్నా ఎత్తలేదు. మెడ నరాలు పట్టేసి కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. డాక్టర్ ఆ పని మానేయమన్నాడు. డాక్టర్లకేం, మానేయమని చెప్పడం వాళ్ల పని. ఒక్కగానొక్క కూతురు రుచిత హైదరాబాద్‌లో బట్టల దుకాణంలో నిలబడి తన పొట్ట తాను పోసుకుంటోంది. ఆ పిల్లను చెయ్యి చాచి అడగడానికి వెంకటవ్వకు మనసొప్పదు.

రాజమల్లు మంచం, వెంకటవ్వ చేట ఒకే వసారాలో ఉంటాయి. మంచం మీంచి చెయ్యి చాస్తే కత్తెర అందుతుంది. నాలుగేళ్లలో అతను ఆ చెయ్యి చాచలేదు. బీడీ ఆడవాళ్ల పని. మగవాడు ఆకు కోస్తూ కూర్చుంటే వీధిలో నవ్వుతారు. పైగా అతను కాలు విరిగి కూర్చున్న మనిషి. కాలుతో ఆకు కోయరని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అనుకోలేదు.

ఆ ఇంటికి ఒకటే ఆశ మిగిలింది, సదరం సర్టిఫికెట్. క్యాంపులో డాక్టర్లు పరీక్ష చేసి, వైకల్యం నలభై శాతమని రాస్తే పింఛను వస్తుంది, బస్సు పాస్ వస్తుంది. ముప్పై తొమ్మిది రాస్తే ఏమీ రాదు. దాని స్లాట్ దొరకడానికే పదకొండు నెలలు పట్టింది. మీసేవలో తలుపు తెరిచేలోపే స్లాట్లు అయిపోయేవి. ఆఖరికి మంగళవారానికి దొరికింది, నిజామాబాద్ పెద్ద దవాఖానలో.

"సర్టిఫికెట్ అచ్చినంక సగం బీడీలే చుడ్త," అంది వెంకటవ్వ. "పొద్దుందాక కూసోను. మాపటీలి జర నడుం వాలుస్త." ఆమె ఈ జీవితంలో అడిగిన పెద్ద కోరిక అదే.

క్యాంపుకు పోయే వాళ్లకు ఆ వీధిలో ఒక గురువున్నాడు, లింబయ్య. చెరుకురసం బండి గానుగలో మూడు వేళ్లు పోగొట్టుకుని సర్టిఫికెట్ సంపాదించినవాడు. మొదటిసారి పోయినప్పుడు నవ్వుతూ నమస్తే పెట్టాడట, తక్కువ రాశారు. రెండోసారి ఏడుపు మొహంతో పోయాడు, సరిగ్గా రాశారు. వేళ్లు రెండుసార్లూ అవే. అప్పట్నుంచి వీధిలో ఎవరికి స్లాట్ వచ్చినా లింబయ్య వచ్చి పాఠం చెబుతాడు. ఇందులో మోసమేమీ లేదు. నిజం కూడా ఆఫీసు ముందు నిలబడినప్పుడు నిజంలాగా కనబడాలి కదా, ఆ కనబడటం ఎలాగో ఆయన నేర్పుతాడు, అంతే.

"నాలుగు రోజులు గడ్డం గీసుకోకు," అన్నాడు లింబయ్య. "ఇస్త్రీ అంగి ఏసుకోకు. సెల్లు బయటికి తియ్యకు. కాలు లేపుమంటే సగం లేపి ఆగు. నీకు సగమే లేస్తది గద, గదే సూపెట్టు. బిర్రుగ కూసోకు. నవ్వకు."

చెప్పడం ఆపి రాజమల్లును ఎగాదిగా చూశాడు.

"ఇగ నీకు నేను నేర్పేదేముంది తమ్మీ. నువ్వు రోజు ఉన్నట్టు ఉంటే సాలు."

అది నిజం. తన బతుకులో రాజమల్లుకు సరిపోయిన పరీక్ష అదొక్కటే. ఆ రోజు వరకు ఉన్నట్టే ఇంకో నాలుగు రోజులుంటే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

కానీ మధుకర్ వచ్చాడు.

మధుకర్ వెంకటవ్వ అన్న కొడుకు. నిజామాబాద్‌లో ఉంటాడు. మొదట ప్లాట్లు అమ్మాడు, తర్వాత నీళ్ల ఫిల్టర్లు అమ్మాడు, ఆ తర్వాత నాటుకోళ్లు పెంచాడు. మూడింటిలోనూ నిండా మునిగి, ఇప్పుడు విజయం ఎలా సాధించాలో నేర్పుతున్నాడు. పేరు కూడా 'పాజిటివ్ మధు' అని మార్చుకుని, బస్టాండు వెనక ట్యూషన్ సెంటర్ పైన హాలు తీసుకుని ఆదివారాలు క్లాసులు పెడుతున్నాడు. హాల్లో ముప్పై కుర్చీలు వేశాడు. కుర్చీలు నింపడానికి చుట్టాలు కావాలి.

"మామా, ఆదివారం నా క్లాసుకు రా. మంగళారం నేనే కార్ల దవాఖానకు తీస్కపోత," అన్నాడు.

బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఆ కాలితో బస్సెక్కడం ఎంత తక్లీబో తెలిసిన వెంకటవ్వ, "పో. ఓ మూలకు కూసొని రా," అంది. ఆమెకు ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా తన నాలుక మీద తనకే కోపం వస్తుంది.

ఆదివారం క్లాసులో పదకొండు మంది ఉన్నారు, రాజమల్లుతో కలిపి. మధుకర్ మెడలో మైకు వేలాడేసుకుని అటూ ఇటూ తిరిగాడు. "మనం ఏదంటే గదే అయితది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊకెనే అనలే. పొద్దుగాల లేసి అద్దంల సూస్కొని, నాకే లోపం లేదు, నేను బ్రహ్మాండంగున్న అని పదిసార్లు అనుండ్రి. ఎవలన్న ఎట్లున్నవంటే ఏమనాలె?"

"బ్రహ్మాండం," అన్నారు పదిమంది. పదకొండోవాడు కర్ర మీద గడ్డం ఆనించుకుని కిటికీలోంచి బస్టాండు చూస్తున్నాడు.

మధుకర్ అతణ్ణే వేదిక మీదికి పిలిచాడు. కర్రతో నడుచుకుంటూ రావడానికి కొంత సమయం పట్టింది, ఆ సమయమంతా మధుకర్ మైకులో అతని కష్టాలు చెప్పాడు. "గీన మా మామ. నాలుగేండ్ల సంది మంచంల ఉన్నడు. మామా, ఎట్లున్నవ్?"

"ఏమున్నది," అని మొదలుపెట్టాడు రాజమల్లు. "రాత్రయితే కాలు గుంజుతది—"

"ఉహూ. ఎట్లున్నవ్?"

"గదే చెప్తున్న. రాత్రయితే—"

మధుకర్ జనం వైపు తిరిగి చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టారు. మళ్లీ అడిగాడు. మళ్లీ కాలు దగ్గరే మొదలైంది. మళ్లీ చప్పట్లు. నాలుగోసారికి రాజమల్లుకు నిలబడటం కష్టమైంది. ఆ మాటేదో అనేస్తే దింపుతారు కదా అనిపించి, లోగొంతుకతో "బ్రహ్మాండం" అన్నాడు.

హాలంతా లేచి నిలబడింది. పదిమందే అయినా లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. దిగి వస్తుంటే ఒకావిడ దగ్గరికొచ్చి, "అన్నా, మీరు గా మాట అంటుంటే నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్" అంది.

రాజమల్లు తన కష్టం నాలుగేళ్లుగా ఉన్నదున్నట్టు చెప్పుకుంటూ వచ్చాడు, ఒక్కడూ నిలబడి వినలేదు. ఒక్క అబద్ధం ఆడితే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత గట్టి మనిషైనా ఆ దెబ్బకు మెత్తబడతాడు. అతను మొదట్నుంచీ గట్టి మనిషి కాడు.

సోమవారం పొద్దున చాయ్ హోటల్ దగ్గర రామ్‌దాస్ అలవాటు కొద్దీ మొహం తిప్పుకుని గ్లాసు అందించాడు. రాజమల్లు తనంతట తానే, "రామ్‌దాసూ, బ్రహ్మాండంగున్ననే" అన్నాడు. రామ్‌దాస్ బిత్తరపోయి, ఏమైందో అర్థంకాక, రెండు బిస్కెట్లు ఊరికే ఇచ్చాడు. బల్ల మీద ఇద్దరు పక్కకు జరిగి చోటిచ్చారు. వాళ్లు మక్కజొన్నల ధర గురించి మాట్లాడుకున్నారు, ఈ ఏడు వానల గురించి మాట్లాడుకున్నారు, అతనితో కూడా మాట్లాడారు. గంటసేపు కూర్చుని ఇంటికొచ్చాడు. ఆ గంటలో కాలు నొప్పి తగ్గిందా అంటే తగ్గలేదు, కానీ దాని గురించి చెప్పలేదు. అదే అతనికి వింతగా అనిపించింది.

సాయంత్రం అద్దం ముందు పదిసార్లు అనుకున్నాడు, నాకే లోపం లేదని. అద్దంలో నాలుగు రోజుల గడ్డం ఆ మాటకు అడ్డం పడుతున్నట్టు తోచి, గీసేసుకున్నాడు.

వెంకటవ్వ చేట ముందు నుంచి చూసి అదిరిపడింది. "లింబన్న ఏం చెప్పిండు, నువ్వేం జేసినవ్?"

"గడ్డందేమున్నదే. కాలు గద సూసేది."

"ఇగో," అంది ఆమె, దారం పళ్లతో కొరికి. "రేపొక్కనాడు నోరు మూసుకో. సర్టిఫికెట్ అచ్చినంక నువ్వెంత బ్రహ్మాండంగనన్న ఉండు, నేనొద్దన్న."

మరునాడు ఆమె తోడు పోలేకపోయింది. కార్ఖానాలో బీడీలు అప్పగించే రోజు అది. పోకపోతే ఆకు ఇవ్వరు. మధుకర్ అతణ్ణి దవాఖాన గేటు దగ్గర దించి, పిడికిలి పైకెత్తి చూపించి, పార్కింగ్ వెతుక్కుంటూ పోయాడు.

లోపల వరండా నిండా జనం. బాల్కొండ నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చి ఉన్నారు. కింద తువ్వాలలు పరుచుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన కూతురి భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకున్నాడు. చూపు పోయిన ఒకామె, పేరు పిలిచారా పిలిచారా అని పక్కవాళ్లను అడుగుతోంది. అందరి మొహాలూ లింబయ్య చెప్పినట్టే ఉన్నాయి, ఎవరూ చెప్పకుండానే. ఒకప్పుడైతే రాజమల్లు వాళ్ల మధ్య తనవాళ్ల మధ్యకు వచ్చినట్టు కూర్చునేవాడు. ఆ రోజు మాత్రం నున్నటి గడ్డంతో ఒక పక్కకు నిలబడ్డాడు. వీళ్లంతా ఇట్లా ఏడుపు మొహాలు పెట్టుకున్నారేమిటి అనుకున్నాడు. రెండు రోజుల పాజిటివ్‌కే మనిషికి అంత కళ్లు నెత్తికెక్కుతాయి.

మధ్యాహ్నం రెండింటికి పిలిచారు. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. పొద్దుట్నుంచి వందమందిని చూసి ఉంటుంది, మొహం వాడిపోయింది. అయినా కాగితం చూసి తలెత్తి, "కూర్చోండి రాజమల్లు గారూ" అంది.

గారూ.

డ్రైవర్‌గా ఉన్న రోజుల్లో 'ఓ రాజమల్లూ' అనేవాళ్లు, పడిపోయాక 'పాపం రాజమల్లు' అంటున్నారు. గారు అన్నవాళ్లు లేరు. అతను కూర్చున్నాడు. లింబయ్య బిర్రుగా కూర్చోవద్దన్నాడు, ఇతను ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

"ఎలా జరిగింది?"

"చెరుకు ట్రాక్టర్ నడిపేటోన్ని మేడం. రెండు ట్రాలీలు." రెండు అని వేళ్లతో చూపించాడు. "అందరు ఒకటే గుంజుతరు. గాట్ రోడ్డయినా నేను రెండు గుంజేది."

"రెండు ట్రాలీలా? కష్టం కదా?"

ఆమె ఊరికే అంది, రాసుకుంటూ. రాజమల్లు మాత్రం కరిగిపోయాడు. రెండు ట్రాలీలతో రివర్స్ ఎలా తీయాలో చెప్పాడు. నాలుగేళ్లలో ఎవరూ అడగని సంగతి అది. ఆమె విన్నది. తర్వాత లేచి వచ్చి కాలు పట్టి చూసింది, టేపుతో కొలిచింది, మడవమంది.

"నొప్పి ఎలా ఉంటుంది?"

ఎట్లున్నవ్ అని అడిగినట్టే వినబడింది అతనికి. హాలంతా లేచి నిలబడ్డట్టు కూడా అనిపించింది. "ఏం లేదు మేడం. బ్రహ్మాండంగున్న."

డాక్టరమ్మ తల ఎత్తి చూసింది. "నిజంగా? కర్ర లేకుండా ఈ కాలి మీద నిలబడగలరా? కష్టమైతే వద్దు."

కష్టమైతే వద్దు అని చెప్పింది ఆమె, పాపం. తప్పు ఆమె మీద వేయడానికి లేదు. రాజమల్లు కర్రను బల్లకు ఆనించి, కుడికాలు ఎత్తి, ఆ ఎడమకాలి మీద నిలబడ్డాడు. ఆమె పది లెక్కపెట్టింది. మూడు దగ్గర అతనికి కళ్లు బైర్లు కమ్మాయి. ఆరు దగ్గర తుంటిలో ఏదో కలుక్కుమంది. పది దాకా నిలబడ్డాడు. మొహం మీద నవ్వు చెదరలేదు.

"చాలా బాగుంది," అందామె, రాసుకుంటూ.

బయటికొచ్చాక వరండా గోడ పట్టుకుని జారి కింద కూర్చున్నాడు, లేవలేకపోయాడు. మధుకర్, ఇంకెవరో చెరో జబ్బ పట్టుకుని కార్లో వేశారు. "ఎట్లైంది మామా?" అన్నాడు మధుకర్. రాజమల్లు పళ్లు బిగబట్టి, "బ్రహ్మాండం" అన్నాడు. కారు కదిలి, బస్టాండు దాటి, బోధన్ రోడ్డెక్కాక అప్పుడు అతనికి అర్థమైంది తాను ఏం చేశాడో. మధుకర్ పాటలు పెట్టాడు. రాజమల్లు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి అతనికి ఏడవాలనిపించి, ఏడవలేకపోయాడు.

ఇంట్లో "ఎట్లైంది" అని వెంకటవ్వ అడిగితే "మంచిగనే అయింది" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఎప్పుడూ ఆగని ఆ నోరు, ఒక్క ముక్క చెప్పాల్సినప్పుడు పడిపోయింది.

మూడు వారాలు అలాగే గడిచాయి. కాలు వాచి కుండలా అయింది. అతను కిక్కురుమనలేదు. మొగుడు ఏడవకుండా పడుకోవడం చూసి వెంకటవ్వ క్లాసు పని చేసిందనుకుంది. ఒకరోజు కార్ఖానా నుంచి వచ్చి, "వచ్చే నెల సంది సగం ఆకే తీస్కుంటనని చెప్పొచ్చిన. నా వంతు నిరోషకు ఇయ్యిమన్న. పాపం ఆమెకు పని లేదు," అంది. ఆ రోజు ఆమె నడక కూడా తేలిగ్గా ఉంది. రాజమల్లు గోడ వైపు తిరిగి, మనసులో పదిసార్లు కాదు, వందసార్లు అనుకున్నాడు, నలభై రావాలె, నలభై రావాలె అని. మధుకర్ చెప్పినదాంట్లో ఏమాత్రం నిజమున్నా నలభై వచ్చి ఉండాలి.

ముప్పై ఆరు వచ్చింది.

మీసేవ శ్రావణ్ కాగితం తీసి, రెండుసార్లు చూసి, "అక్కా, రాలే. మల్ల స్లాట్ వెట్టుకోవాలె. ఇప్పట్ల లేవు" అన్నాడు. వెంకటవ్వ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని, అక్కడి నుంచి నేరుగా కార్ఖానాకు పోయింది, సగం కాదు, మొత్తం ఆకే కావాలని చెప్పడానికి. అప్పటికే నిరోష పేరు రాసేశారు. వచ్చే నెల సగమే ఇస్తామన్నారు. ఈ నెలాఖరు దాకా మాత్రం మామూలే. ఆమె ఆ ఆకు మూట పట్టుకుని ఇంటికొచ్చింది.

వచ్చేసరికి మధుకర్ వసారాలో ఉన్నాడు. సంగతి ఎవరో చెప్పారు. చేతిలో శాలువా, సెల్‌ఫోన్. మొహం వెలిగిపోతోంది.

"అత్తా, ఇది మామూలు సంగతి కాదు. సర్కారు డాక్టరే రాసిచ్చింది, మా మామకు లోపం లేదని. ఒక్కనాటి క్లాసుతోని. మామా, ఒక్క వీడియో. కర్ర పక్కన పడేసి నిలవడు, ఒక్క మాట చెప్పు."

రాజమల్లు కర్రను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. వెంకటవ్వ ఆకు మూట దించి, మధుకర్ చేతిలోని శాలువా తీసుకుని చూసింది. మంచి శాలువా. దాన్ని మడిచి, గోడకు ఆనించి, మెడకు ఆసరాగా ఉండేలా సర్దుకుని చేట ముందు కూర్చుంది. "మా అన్నను అడిగిన్నని చెప్పు. ఇగ పో," అంది. మధుకర్ కాసేపు నిలబడి, ఇందులో పాజిటివ్ ఏముందా అని వెతుక్కుని, దొరకక పోయాడు.

ఇద్దరే మిగిలారు. ఆమె బీడీ చుట్టడం మొదలుపెట్టింది. నాలుగైదు చుట్టాక అడిగింది.

"డాక్టరమ్మ నిలవడుమన్నదా?"

"ఆఁ."

"ఏ కాలు మీద?"

"గీ కాలు మీదనే."

"నిలవడ్డవా?"

"నిలవడ్డ. పది లెక్కవెట్టింది."

ఆమె చెయ్యి ఆగింది. "నొయ్యలేదా?"

"మస్తు నొచ్చింది. పానం పోయినట్టే అయింది."

"మరెందుకు నిలవడ్డవ్?"

రాజమల్లు చప్పట్ల గురించి చెబుదామా, బిస్కెట్ల గురించి చెబుదామా అనుకున్నాడు. ఆఖరికి, "గారు అన్నదే" అన్నాడు. "రాజమల్లు గారూ అన్నది. ట్రాక్టర్ ముచ్చట అడిగింది. ఆమె ముందల కుంటోన్నని అనిపించుకోబుద్ధి గాలే."

అతని నల్లనాలుక అన్నాళ్లూ చెడు పలికితే చెడే జరిగింది. ఒక్కసారి మంచి పలికింది, నాకే లోపం లేదని. అదీ జరిగింది, కాగితం మీద, ముద్ర వేసి మరీ. వెంకటవ్వ ఆ మాట అని ఉంటే అతను తట్టుకునేవాడు. వీధంతా అనేదే కదా. ఆమె వేరే మాట అంది, గొంతు పెంచకుండా, చేట వైపే చూస్తూ.

"నాలుగేండ్లాయె. నీళ్లు నేనే మోస్తున్న. గ్యాసు బండ నేనే ఎత్తుతున్న. మెడ పట్టి నేను ఏడ్సిననాడు గూడ నిన్ను లెవ్వుమనలే. నొస్తదేమో, పడ్తడేమో అని. గామె ఎవలో, పేరు గూడ ఎరుకలేదు. గామె కోసం నిలవడ్డవ్. నాకోసం ఒక్కనాడు పది లెక్కవెట్టేంత సేపు నిలవడకపోతివి."

సిగ్గుతో రాజమల్లు చెవులు మండిపోయాయి. లేచి నిలబడదామని కర్ర కోసం తడుముకున్నాడు. ఇప్పుడు నిలబడి ఏం లాభం, ఎవరు లెక్కపెడతారు.

వెంకటవ్వ ఆకు మూట విప్పి సగం అతని మంచం మీదికి తోసింది. దాని మీద కత్తెర పెట్టింది.

"ముప్పై ఆరే గద," అంది. "కూసొని కొయ్యొచ్చు."

మంచం మీద వద్దని అతను నెమ్మదిగా కిందికి దిగాడు. మడవని కాలు ముందుకు చాపుకుని, వీధి తలుపుకు ఎదురుగానే కూర్చున్నాడు. ఆకు మీద రేకు ముక్క పెట్టి దాని అంచు వెంట కత్తిరించాలి. ఆమె వేల సార్లు చేస్తుంటే పక్కనే పడుకుని చూశాడు, అయినా చేతికి రాలేదు. మొదటి ఆకు చిరిగింది. రెండోది వంకరగా వచ్చింది. మూడోది కూడా.

లింబయ్య వీధిలో పోతూ పోతూ ఆగాడు. చేట ముందు మగవాణ్ణి చూసి నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. "ఏం రాజమల్లూ, ఎట్లున్నవ్?" అన్నాడు.

రాజమల్లు తల ఎత్తాడు. ఆ ప్రశ్నకు అతని దగ్గర రెండు జవాబులుండేవి. ఒకదాన్ని నాలుగేళ్లు వాడాడు, ఇంకోదాన్ని రెండు రోజులు వాడాడు. రెండూ ఆ ఇంటికి చేసిన మేలేమీ లేదు.

"ఆకు కోస్తున్న అన్నా," అన్నాడు.

లింబయ్య పోయాడు. వెంకటవ్వ అతను కోసిన ఆకులు దగ్గరికి లాక్కుని, వంకరగా ఉన్నవాటిని ఏరి, ఇంకో కత్తెరతో మళ్లీ కోసుకుంటూ కూర్చుంది.